ఏది నొక్కినా

జూన్ 2

ఇంట్లో కంప్యూటర్‌కి పిచ్చెక్కింది. ఆఫీసు నుంచి వచ్చి, రేపు వాన ఉందేమో చూద్దామని కూర్చుంటే పక్కన ఒక చొక్కా ప్రకటన ప్రత్యక్షమైంది. గుండీలు లేని చొక్కా. గుండీలు ఉండాల్సిన చోట లోపల అయస్కాంతాలు కుట్టారట, దగ్గరికి తెస్తే చాలు, వాటంతటవే అతుక్కుంటాయట. కింద పెద్ద అక్షరాల్లో "గుండీలతో కుస్తీ ఇక చాలు" అని రాశారు. దర్జీ కొంపకొచ్చి గుండీలు దండగ అంటున్నాడంటే వాడికెంత ధైర్యం ఉండాలి!

ఈయన్ని పిలిచి చూపించాను, నవ్వుతారనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, అయస్కాంతం నాలుగు ఉతుకులకే తుప్పు పడుతుందన్నారు. అని, గేటు వేయడానికి వెళ్ళారు. గేటు అప్పటికే వేసి ఉంది.

పెళ్ళికి ముందు మానేసిన డైరీని ఇవాళ మళ్ళీ ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. రోజంతా ఊరందరి కోసం మాటలు రాసి వస్తాను, రెండు ముక్కలు నాకోసం రాసుకుంటే తప్పేమీ లేదు. పిల్ల పోయినేడు వాడి పారేసిన లెక్కల పుస్తకంలో వెనక సగం ఖాళీగా ఉంది. అది చాలు.

జూన్ 3

ఈయన టీ మానేశారు. పొద్దున్న కప్పు పట్టుకెళ్తే వద్దన్నారు. ఎన్నేళ్ళుగానో మానమని పోరుతున్నాను, ఇన్నాళ్ళకి చెవికెక్కింది.

జూన్ 6

ఇవాళ స్పూను వచ్చింది. పిడి లావుగా, బరువుగా ఉంటుందట, చెయ్యి ఎటు కదిలినా స్పూను మాత్రం కదలదట. దాని వెనకే ఒలకని గ్లాసు. దాని వెనకే బొటనవేలంత లావు పెన్ను. అన్నీ చేతులు వణికేవాళ్ళ కోసమే.

కారణం నేనే అయ్యుంటాను. మా ఆఫీసువాళ్ళు జబ్బుల గురించి జనానికి అర్థమయ్యేలా చెప్పే సైటు నడుపుతారు. డాక్టర్లు రాసిచ్చిన దాన్ని మనుషులు మాట్లాడుకునే భాషలోకి దించడం నా ఉద్యోగం. చేతి వణుకు మీద వ్యాసం చలికాలంలో నేనే రాశాను. "చెయ్యి వణికిన ప్రతివాళ్ళకీ పెద్ద జబ్బు ఉండాలని లేదు. కంగారు పడకండి. ముందు టీ, కాఫీలు మానేసి కొన్నాళ్ళు చూడండి" అని మొదలవుతుంది. బాగా రాశానని అప్పట్లో మా మేనేజరు మేడం మెచ్చుకుంది కూడా. ఆ వ్యాసం కోసం నేను చదివిన చదువంతా పట్టుకుని ఈ ప్రకటనలు నా వెంట పడ్డాయి. అంతే.

నువ్వు రాసింది ఆఫీసు కంప్యూటర్‌లో కదా, మరి ఇంటి కంప్యూటర్‌కి ఎలా తెలిసిందని పిల్ల అడిగింది. అది పెద్దయితే లాయరు అవుతుంది. అన్నీ లోపల కలిసే ఉంటాయి, నీకు తెలియదులే, ఊరుకో అన్నాను.

జూన్ 9

రాత్రి భోజనాల దగ్గర పిల్ల, "మన కంప్యూటర్‌కి ముసలితనం వచ్చేసింది నాన్నా. చేతులు వణుకుతున్నాయంట దానికి" అంది. అని, తన చెయ్యి గడగడలాడించి చూపించింది. దాని ఫోనులో కూడా ఒలకని గ్లాసు వచ్చిందట, వీధిలో స్నేహితురాళ్ళు చూసి ఒకటే ఆటపట్టించారట. దాని వయసుకి దానికి అన్నీ నవ్వులాటే.

నేను కూడా నవ్వాను. నవ్వుతూ ఈయన వైపు చూశాను. తినడం ఆపేసి కుడిచెయ్యి బల్ల కిందికి దించేశారు. కడుపు బరువుగా ఉందన్నారు. పళ్ళెంలో సగం అలాగే ఉంది.

జూన్ 10

నేనేమీ వెతకడం లేదు. కంప్యూటర్ నిదానంగా నడుస్తోందని పాత చెత్త తుడుస్తున్నాను.

జూన్ 11

వెతికాను.

ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో కంప్యూటర్ తనలో దాచుకుంటుంది. ఈయనకి ఆ సంగతి తెలియదు, తెలిస్తే తుడిచేసేవారు. నా వ్యాసం. మళ్ళీ నా వ్యాసం. మధ్యలో "వేళ్ళకు వ్యాయామాలు" అని ఒకటి, "వణుకు ఎప్పుడు ప్రమాదం" అని ఒకటి, ఆ తర్వాత మళ్ళీ నా వ్యాసం. అన్నీ నేను వంటింట్లోనో డాబా మీద బట్టలు ఆరేస్తూనో ఉన్నప్పుడు చదివినవే. టీ ఎందుకు మానేశారో ఇప్పుడు తెలిసింది. నా పోరు విని కాదు.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. రాసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని రాతని అడుగుతారా? నన్నే అడిగితే అందులో రాయనివి కూడా చెప్పేదాన్ని కదా. గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను. ఆయన వచ్చి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

కోపం కాస్త దిగాక ఇది రాస్తున్నాను. ఆయన కటింగ్ మాస్టర్. మా దర్జీ షాపుకొచ్చేవాళ్ళు బోర్డు చూసి రారు, ఆ చెయ్యి చూసి వస్తారు. గుడ్డ మీద సుద్దతో ఒక్క గీత గీస్తే మళ్ళీ దిద్దే పని ఉండదు. అలాంటి మనిషి చెయ్యి వణుకుతోందంటే, ఆ మాట పైకి అనడానికి ఆయనకి ఎంత కష్టంగా ఉండాలి? ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆయనిష్టం. ఆయన నోటితో ఆయన చెప్పాలి. చొక్కాలు అమ్ముకునేవాడు వచ్చి ముందే నా చెవిన వేసిపోయాడు.

ఇంకో సంగతి. మా సైటు తెరవగానే తెర మీద ఒక పెట్టె లేస్తుంది. ఇదివరకు అందులో "మేము కుకీలను వినియోగించుచున్నాము, తమ సమ్మతిని తెలియజేయగలరు" అని ఉండేది. కుకీలంటే తినేవనుకుని ఒక పెద్దావిడ నాకు షుగరు ఉంది, వద్దని ఉత్తరం రాసింది. అది చూసి నేనే దాన్ని మార్చాను. పక్కింటివాళ్ళు అడిగినట్టు ఉండాలని, "మీరు ఇక్కడ ఏం చదివారో బయటివాళ్ళకి చెప్పొద్దంటారా?" అని రాశాను. కింద "అవును", "కాదు" అని రెండు బటన్లు. ఈయన కచ్చితంగా "అవును" నొక్కి ఉంటారు. అవును, చెప్పొద్దు.

మరి ఎవరు చెప్పారు?

జూన్ 13

నా ఫోనులో మా సైటు తెరిచి, "అవును" నొక్కి, గురక మీద వ్యాసం చదివాను. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి తలగడలు వచ్చాయి. గురక పోగొట్టే తలగడ, మెడకి పట్టీ, ముక్కుకి క్లిప్పు. సాయంత్రం బస్సులో పక్కనున్న ఆవిడ నా ఫోనులోకి తొంగిచూసి, మావారికి కూడా ఇదే బాధండీ అంది. నేను కూడా నిట్టూర్చాను. పాపం, ఈయనకి గురక లేనే లేదు.

జూన్ 14

పడుకోబోయే ముందు పాలు గ్లాసు అంచుదాకా పోసి ఇచ్చాను. చూసుకోకుండా పోశాను. రెండు చేతులతో పట్టుకుని తాగారు.

జూన్ 15

ఇవాళ కూడా చూసుకోలేదు.

జూన్ 16

ఆఫీసుకు వెళ్తూ షాపు దగ్గర ఆగాను. కళ్ళజోడు మర్చిపోయారు, ఇచ్చిపోదామని. మర్చిపోయింది ఇంట్లో వాడేది, షాపులో వేరే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఈయన లేరు, లైనింగ్ గుడ్డ కోసం బజారుకి వెళ్ళారట. కాజాలావిడ ఒక్కతే ఉంది. మా షాపులో గుండీలు, కాజాలు ఆవిడే కుడుతుంది. మేం పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఉంది, ఈయన్ని మాస్టారూ అంటుంది గానీ తిట్టాల్సి వస్తే తమ్ముడిని తిట్టినట్టే తిడుతుంది. కబుర్లలో పడి, మీ మాస్టారు బాగా పని చేస్తున్నారా అని నవ్వుతూ అడిగాను. ఆవిడ నవ్వలేదు. ఈమధ్య స్కేలు పెట్టి గీస్తున్నారంది. కాలరు వంపుకి కూడా అట్ట కత్తిరించి పెట్టుకుని దాని చుట్టూ గీస్తున్నారట. అంచులకి చేతికుట్టు టాకా తను వెయ్యకుండా ఆవిడ చేత వేయిస్తున్నారట. చూపు మందగించిందేమో, మంచి కళ్ళడాక్టరుకి చూపించమ్మా అంది.

సరే, చూపిస్తానన్నాను. కోతబల్ల మీద గుడ్డలో ఒక గీత ఉంది. నేను ఎన్నిసార్లు చూసి ఉంటానో ఆ చేతి గీతల్ని. ఇది తిన్నగానే ఉంది, మరీ తిన్నగా ఉంది, బడిపిల్లల మార్జిన్ గీతలా. చేత్తో తడిమి వచ్చేశాను.

జూన్ 17

పిల్ల గౌనుకి హుక్కు ఊడితే, కళ్ళు మసకేస్తున్నాయి, కాస్త సూదిలో దారం ఎక్కించి పెట్టమని ఈయన్ని అడిగాను. నా కళ్ళకేం రోగం, శుభ్రంగా ఉన్నాయి. ఆయన సూది వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. లోపలికి వెళ్ళి, ఆయన కళ్ళజోడు తెచ్చి నా చేతిలో పెట్టి పోయారు.

పాలు, కళ్ళజోడు, సూది. ఆయన నాకేమీ చెప్పదలచుకోలేదు. చెప్పకపోయినా నేను తెలుసుకుంటూనే ఉన్నాను. ఆ చొక్కాలమ్మేవాడిని తిట్టే మొహం నాకు లేదు. సిగ్గేసింది.

జూన్ 18

ఆఫీసులో కోడ్ రాసే అతని చెవులకి హెడ్‌ఫోన్స్ ఎప్పుడూ తగిలించే ఉంటాయి కాబట్టి అందరం అతన్ని హెడ్‌ఫోన్స్ అనే పిలుస్తాం. వాటి మీద తట్టి, నా పెట్టెలో "అవును" నొక్కితే వెనక ఏం జరుగుతుందో చూపించమన్నాను. తెర మీద ఒక పట్టీ తెరిచాడు. "అవును" ఎదురుగా "సరే, పంపు" అని ఉంది. "కాదు" ఎదురుగా "పంపకు" అని ఉంది.

పాత పెట్టెలో మొదటి బటను సమ్మతి. నేను ప్రశ్న మార్చాను, అతను బటన్ల మీద మాటలు మార్చాడు. ప్రశ్న తిరగబడితే జవాబు కూడా తిరగబడుతుందని అతనికి తట్టలేదు, అడగాలని నాకు తట్టలేదు. మన మాట తీరే అంత. అన్నం వద్దా అంటే అవునంటాం, వద్దనే అర్థం, అడిగినవాళ్ళు గిన్నె తీసేస్తారు. యంత్రానికి ఆ ఇంగితం ఎక్కడిది? అవునన్నారు కదా అని ఇంకో గరిటె వడ్డించింది.

ఊళ్ళో వాళ్ళంతా చెప్పొద్దు, చెప్పొద్దు అని బతిమాలుతుంటే మా సైటు చెప్పుకుంటూ పోయిందన్నమాట. దారుణమే. కానీ నిజం చెప్పాలంటే నా మనసు తేలికపడింది. పొరపాటు కదా. పొరపాటైతే దిద్దుకోవచ్చు. రెండు మాటలు అటుదిటు, ఇటుదటు మారిస్తే అయిపోయింది. హెడ్‌ఫోన్స్ ఐదు నిమిషాల పని అక్కా, కాకపోతే మేడం సరే అనాలి అన్నాడు.

జూన్ 19

మేడం సరే అనలేదు.

మా మేనేజరు చెడ్డమనిషి కాదు. గదిలో కుండీలకి నీళ్ళు తనే పోసుకుంటుంది, మా పిల్లకి జ్వరం వస్తే రెండుసార్లు ఫోను చేసి కనుక్కుంది. నేను చెప్పిందంతా ఆకులు తుడుస్తూ ఓపిగ్గా విన్నది. ఆ ప్రకటనలవాళ్ళ వల్లే ఈ గదిలో దీపాలు వెలుగుతున్నాయంది. ఇప్పుడు కదిలిస్తే ఇంతకాలం ఎందుకు కదిలించలేదని అడుగుతారంది. అన్నీ నెమ్మదిగా చూద్దామంది.

"చెప్పొద్దనుకునే వాళ్ళు అవునని నొక్కుతున్నారు మేడం" అన్నాను.

"మనం బలవంతం చెయ్యలేదు కదండీ" అంది. "వాళ్ళే అవునన్నారు."

బయటికొచ్చి మంచినీళ్ళు తాగి నా కుర్చీలో కూర్చున్నాను. మొలల మీద వ్యాసం సగంలో ఉంది, దాన్ని పూర్తిచేశాను.

జూన్ 20

ఊరికే అనుమానం వచ్చి మళ్ళీ ఫోనులో తెరిచాను. ఈసారి "కాదు" నొక్కాను. పట్టీలో రాసిన ప్రకారం అయితే "కాదు" అంటే పంపకూడదు. బట్టతల మీద వ్యాసం చదివాను. గంట గడిచిందో లేదో నూనెలు, విగ్గులు, టోపీలు వరస కట్టాయి.

హెడ్‌ఫోన్స్ దగ్గరికి వెళ్ళాను. ఇదేమిటి, రెండూ పోతున్నాయేమిటని అడిగాను. ఇటూ అటూ చూసి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ చెవులు నేను చూడడం అదే మొదటిసారి.

"ఆ బటన్లు పెట్టె మూయడానికే అక్కా. వెనక వాటికి ఏమీ తగిలించలేదు."

మరి మొన్న చూపించిన పట్టీ ఏమిటన్నాను. పట్టీ ఉంది గానీ దాన్ని ఏదీ చదవదట. పేజీ తెరుచుకోగానే సైటు మన కంప్యూటర్‌లో ఒక గుర్తు వేసేస్తుందట, కుకీ అంటే అదేనట. ఎవరేం చదివారో ఆ గుర్తుతో సహా ప్రకటనలవాళ్ళకి చేరిపోతుంది. మనం పెట్టెలోని ప్రశ్న చదివి, ఆలోచించి, వేలు ఎత్తేలోపే ఆ పని అయిపోతుంది. అతను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అంతేనట. మీకు తెలుసనుకున్నాను అక్కా అన్నాడు.

అంటే నా ప్రశ్న తప్పయినా ఒకటే, ఒప్పయినా ఒకటే. "అవును" ఎటు పెట్టాలో, "కాదు" ఎటు పెట్టాలో అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఎవరూ వినని చోట మర్యాదగా ఎలా అడగాలా అని పోయినేడాది వారం రోజులు కూర్చుని రాశాను, చదివి ఇంట్లో ఈయనకి వినిపించాను కూడా. బాగుంది, నువ్వు అడిగినట్టే ఉందన్నారు.

జూన్ 21

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 23

లాయరుగారి కోటు గుడ్డ ఈయన తిరిగి ఇచ్చేశారు. మా షాపు తెరిచినప్పటి నుంచి ఆ లాయరుగారి కోట్లన్నీ మా దగ్గరే. పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, వేరేచోట కుట్టించుకోండి అన్నారట. నాకు చెప్పింది కాజాలావిడ, ఫోను చేసి మరీ. ఒత్తిడా పాడా, బల్ల ఖాళీగా ఉందమ్మా అంది.

ఈయన మాత్రం ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు పిల్ల చేత ఎక్కాలు చెప్పించుకున్నారు. నాకు చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచారని అనిపించింది. రెండోసారి పక్కన కంప్యూటర్‌లో ఆ స్పూను మళ్ళీ ప్రత్యక్షమైంది. నోరు మూసుకుని తెర ఆపేశారు. ఆయన దాచుకున్న సంగతిని అది ఆయన ఎదుటే ఊరేగిస్తుంటే ఎవరికైనా ఎక్కణ్ణించి చెప్పబుద్ధేస్తుంది?

ప్రతి సోమవారం నేను రాసిన కొత్త మాటలు సైటులోకి ఎక్కుతాయి. పెట్టెలోని మాటలు మా ఆఫీసులో ఎవరూ చదవరు, వాటిని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాటలు రాయడం నా పని. ఇవాళ నా పని నేను చేశాను. ప్రశ్న తీసేసి ఇలా రాశాను: "మీరు ఇక్కడ ఏం చదివారో బయటివాళ్ళకి తెలిసిపోతుంది. కింద ఏది నొక్కినా అంతే." బటన్లు రెండింటి మీదా "సరే" అని పెట్టాను.

ఈ సైటు కోసం ఇంత సరైన వాక్యం నేను ఇదివరకు రాయలేదు.

జూన్ 24

ఎవరూ చూడలేదు.

జూన్ 25

ఆఫీసులో ఇంకా ఎవరూ చూడలేదు. హెడ్‌ఫోన్స్ మాత్రం నా బల్ల పక్కనుంచి పోతూ ఆగాడు, ఏదో అనబోయి, ఒక చాక్లెట్ పెట్టి వెళ్ళిపోయాడు.

ఈయన సాయంత్రమంతా ఎందుకో ముభావంగా ఉన్నారు. తలనొప్పా అంటే కాదన్నారు.

జూన్ 26

దొరికిపోయాను. పాఠకుడెవరో ఉత్తరం రాశాడట, ఇన్నాళ్ళకి ఒక సైటు నిజం చెప్పింది, ధన్యవాదాలని. ధన్యవాదాలు చెప్పి కొంప ముంచాడు, మహానుభావుడు.

మేడం పిలిచింది. ఇది ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను. ఎందుకు రాశారంది. నన్ను మాటలు రాయడానికే పెట్టుకున్నారు కదా, తప్పేముందో చెప్తే దిద్దుతానన్నాను. ఆవిడ ఆ రెండు వాక్యాలనీ పైకి చదివింది, మళ్ళీ మనసులో చదివింది. తప్పు దొరకలేదు. ఆవిడ మొహం చూస్తే జాలేసింది కూడా. పాత ప్రశ్న మళ్ళీ పెట్టమంది. మీరు బటన్లకి వెనక ఏదైనా తగిలించండి, నేను ప్రశ్న పెడతానన్నాను.

మేం పిలిచేదాకా రావద్దని చాలా మర్యాదగా చెప్పింది. నా బల్ల మీద పెన్నులు, దువ్వెన, చాక్లెట్ సంచీలో వేసుకుని వచ్చేశాను. పిలుస్తారని నేననుకోవడం లేదు. బాధగా లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ ఉద్యోగమంటే నాకు ఇష్టం.

ఒంట్లో బాగాలేక తొందరగా వచ్చానని ఈయనకి చెప్పాను. చూడబోతే ఇంట్లో అందరం ఒకే తాను ముక్కలం.

జూన్ 27

ఈయన మధ్యాహ్నమే వచ్చేశారు. షాపు మూసేశారట. చెప్పులు విప్పి, నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేతులు రెండూ బల్ల మీదే పెట్టారు, దాచలేదు. కుడిచెయ్యి కదులుతోంది. చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక బీన్స్ తరుగుతూనే ఉన్నాను.

"మొన్న సైటులో చూశాను. ఏది నొక్కినా బయటికి పోతుందని" అన్నారు. "నువ్వు రాసిందేనా?"

నేనే అన్నాను. నిజమేనా అన్నారు. నిజమే అన్నాను.

"అందుకేనా గ్లాసు నిండా పాలు పోశావు?"

కత్తి పక్కన పెట్టేశాను. అందుకే అన్నాను. సూది కూడా అందుకేనన్నాను. షాపుకి వచ్చింది కూడా అందుకేనన్నాను. ఏమీ దాచలేదు. కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండేది.

"నీ గొంతు వినబడింది అందులో. బయటివాళ్ళకి చెప్పొద్దంటారా అని నువ్వే అడిగినట్టుంది. అందుకే నొక్కాను."

నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళూ కోపమే తప్ప రానివి ఇప్పుడు వచ్చాయి. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి బల్ల మీద నా వైపు జరిపారు. ఆ చెయ్యి రుమాలు దగ్గరే కాసేపు ఆగింది. ఆయన దాన్ని చూసుకుని, ఒకరకంగా నవ్వి లేచారు.

"పోనీలే. చెప్పాల్సిన పని తప్పింది."

ఆ మాటకి నా ప్రాణం విలవిల్లాడింది. ఇన్ని రోజులుగా ఏది పోయిందని కుమిలిపోతున్నానో అది ఆయన నోటివెంటే వచ్చింది. ఆయన చెప్పడానికి దాచుకున్న మాట, ఎన్నిసార్లు మనసులో అనుకుని ఉంటారో ఆ మాట, ఇంక అక్కర్లేదని లేచి వెళ్ళిపోతున్నారు. చొక్కా పట్టుకుని ఆపాను.

"తప్పలేదు. మీరేం చదివారో నాకు తెలుసు. మీకేమైందో నాకు తెలీదు" అన్నాను. "కూర్చోండి. మొదట్నించీ చెప్పండి."

అలాగే నిలబడి నా వైపు చూశారు. కూర్చున్నారు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు, నాకేం తొందరలేదన్నాను. మొదలుపెట్టారు. నిదానంగా, మధ్యలో ఆగుతూ, కొన్నిచోట్ల వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్తూ, పిల్ల బడి నుంచి వచ్చేదాకా చెప్పారు. నేననుకున్నదానికీ ఆయన చెప్పినదానికీ పోలికే లేదు. నేను ఒక్కసారి కూడా మధ్యలో మాట అందించలేదు. ఆయన చెయ్యి బల్ల మీద అలాగే ఉంది, చివర్లో దాని మీద నా చెయ్యి పెట్టాను. ఆపడానికి కాదు.

ఆయన చెప్పిందంతా ఇక్కడ రాసుకుందామని పుస్తకం తెరిచాను. రాయొచ్చా అని ఆయన్ని అడగలేదు. రాయను.